ఏసీలో ఏ గ్యాస్ ఉంటే మంచిది? వరంగల్ ఎండకు ఆర్-32, ఆర్-410ఏ, ఆర్-22, ఆర్-290 పోలిక

ఏసీ కొనడానికి షాపుకు వెళ్లినవాళ్లు ఎన్ని టన్నులు, ఎన్ని స్టార్లు, కాయిల్ కాపరేనా, ఈఎంఐ ఎంత పడుతుంది అని అడుగుతారు. లోపల ఏ గ్యాస్ ఉందని అడిగేవాళ్లు చాలా తక్కువ. మే నెల మధ్యాహ్నం మూడింటికి గది చల్లబడుతుందా లేదా, నాలుగేళ్ల తర్వాత లీకు వస్తే బాగుచేయడం తేలికా కష్టమా అన్నది కొంతవరకు ఆ గ్యాస్‌ను బట్టి కూడా ఉంటుంది. నేను ఏసీలు బిగించే, బాగుచేసే పనిలో ఉన్నాను. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, గోదావరిఖని వైపు నుంచి ఫోన్ చేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ ఒకచోట జవాబు రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మామూలు ఇంటికి కొత్త ఏసీ కొంటుంటే ఆర్-32 తీసుకోండి. ఆర్-290 చాలా మంచి గ్యాస్, కానీ అది తెలిసిన మెకానిక్ మీ ఊరికి వస్తాడని ఖాయం చేసుకున్నాకే దాని జోలికి వెళ్లండి. షాపులో పాత స్టాకు ఆర్-410ఏ తక్కువ ధరకు ఇస్తామన్నా వద్దనండి. ఇంట్లో ఇప్పటికే ఆర్-22 ఏసీ ఉంటే నడిచినన్నాళ్లు నడపండి. దాని కాయిల్ లీకైన రోజు మాత్రం ఇక ఖర్చు పెట్టకండి.

ఈ నాలుగు గ్యాసుల సంగతి

ఆర్-32 అసలు పేరు డైఫ్లోరోమీథేన్. సింగరేణి ప్రాంతం వాళ్లకు మీథేన్ గురించి చెప్పక్కర్లేదు. గనుల్లో భయపెట్టేదీ, గోబర్ గ్యాస్ పొయ్యిలో మండేదీ అదే. ఒక కార్బన్, దాని చుట్టూ నాలుగు హైడ్రోజన్లు. అందులో రెండు హైడ్రోజన్ల చోట రెండు ఫ్లోరిన్లు వచ్చి కూర్చుంటే ఆర్-32. దానికి రంగు లేదు, వాసన దాదాపు లేనట్టే. మామూలు గాలి పీడనం దగ్గర మైనస్ 51.7 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. అంత చల్లగా మరిగే గుణం ఉంది కాబట్టే గదిలోని వేడిని గుంజుకోగలుగుతుంది.

కార్బన్‌కూ ఫ్లోరిన్‌కూ మధ్య ఉండే బంధం చాలా గట్టిది. సేంద్రియ రసాయనాల్లోని ఒంటి బంధాలలో దాన్ని మించింది లేదు. అందుకే ఈ గ్యాసులు కంప్రెసర్ వేడికీ, లోపలి నూనెకూ, రాగి పైపులకూ చెక్కుచెదరకుండా పదేళ్లు, పదిహేనేళ్లు తిరుగుతూ ఉంటాయి. అయితే ఫ్లోరిన్లు పెరిగేకొద్దీ మంట భయం తగ్గినా, లీకై ఆకాశంలోకి పోయాక అది విరగడం కష్టమవుతుంది. నాలుగు చోట్లా ఫ్లోరినే ఉన్న కార్బన్ టెట్రాఫ్లోరైడ్ గాలిలో దాదాపు 50 వేల ఏళ్లు ఉండిపోతుంది. హైడ్రోజన్లు ఎక్కువ ఉంటే తొందరగా విరుగుతుంది, కానీ మండుతుంది. క్లోరిన్ ఉంటే ఓజోన్ పొరను తింటుంది. ఆర్-32లో రెండు హైడ్రోజన్లు, రెండు ఫ్లోరిన్లు, క్లోరిన్ అసలు లేదు. అందువల్ల గాలిలో ఐదేళ్లకు అటూ ఇటూగా విరిగిపోతుంది, ఓజోన్‌కు హాని లేదు, కొద్దిగా మాత్రం మండే గుణం మిగిలింది. దాని మంచీ చెడూ రెండూ ఇందులోనే ఉన్నాయి.

ఆర్-22 అంటే క్లోరోడైఫ్లోరోమీథేన్. ఆర్-32లోని ఒక హైడ్రోజన్ తీసి క్లోరిన్ పెట్టినట్టు ఉంటుంది. ఆర్-410ఏ ఒకే గ్యాస్ కాదు, మిశ్రమం. బరువులో సగం ఆర్-32, సగం ఆర్-125 అనే పెంటాఫ్లోరోఈథేన్. ఆ రెండోది ముఖ్యంగా మంటను అణచడానికే కలిపారు. కాబట్టి ఆర్-32 కొత్త గ్యాస్ కదా అని భయపడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆర్-410ఏ ఏసీ వాడినవాళ్లందరూ సగం ఆర్-32ని ఏళ్ల తరబడి వాడినవాళ్లే. ఇక ఆర్-290లో ఫ్లోరినే లేదు. అది శుద్ధి చేసిన ప్రొపేన్. వంటింటి సిలిండర్‌లో బ్యూటేన్‌తో కలిసి ఉండేది ఈ ప్రొపేనే. కాకపోతే సిలిండర్ గ్యాస్‌కు లీకు తెలియాలని కలిపే ఘాటు వాసన దీనికి ఉండదు.

ఔట్‌డోర్ యూనిట్ పక్కన అతికించిన ప్లేటు మీద గ్యాస్ నంబరు, ఎన్ని గ్రాములు పట్టిందో రాసి ఉంటుంది. ఆ నంబరును బట్టే లోపల ఏముందో లెక్కకట్టొచ్చు. కుడివైపు చివరి అంకె ఫ్లోరిన్ల సంఖ్య. దాని ముందు అంకెలోంచి ఒకటి తీసేస్తే హైడ్రోజన్లు. అంతకు ముందు ఇంకో అంకె ఉంటే దానికి ఒకటి కలిపితే కార్బన్లు, లేకపోతే కార్బన్ ఒక్కటే. ఆర్-32కి రెండు ఫ్లోరిన్లు, రెండు హైడ్రోజన్లు, ఒక కార్బన్. ఆర్-22కి రెండు ఫ్లోరిన్లు, ఒక హైడ్రోజన్, మిగిలిన ఖాళీ చోటు క్లోరిన్‌ది. ఆర్-290కి ఫ్లోరిన్ సున్నా, హైడ్రోజన్లు ఎనిమిది, కార్బన్లు మూడు. నాలుగు వందల వరుసలో ఉన్నవి మిశ్రమాలు, వాటికి ఈ లెక్క పనికిరాదు.

కొందరు నల్లగొండ నీళ్ల ఫ్లోరైడ్ గుర్తొచ్చి, ఏసీలో ఫ్లోరిన్ అంటే ఎముకలకు మంచిది కాదేమో అని అడుగుతారు. ఆ భయం అక్కర్లేదు. నీళ్లలో కరిగి ఒంట్లోకి పోయే ఫ్లోరైడ్ వేరు, కార్బన్‌కు గట్టిగా అతుక్కుని మూసిన రాగి పైపుల్లో తిరిగే ఫ్లోరిన్ వేరు. అది ప్రమాదకరంగా మారేది మంట తగిలినప్పుడే. ఆ సంగతి కింద చెబుతాను.

45 డిగ్రీల ఎండలో ఏది నిలబడుతుంది

ఏసీ మీద రాసే టన్నుల లెక్క బయట 35 డిగ్రీలు, గదిలో 27 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. ఒక టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని గదిలోంచి లాగేయడం. స్టార్లు ఇవ్వడానికి వాడే ఐఎస్ఈఈఆర్ అంకె కూడా బయట 24 నుంచి 43 డిగ్రీల మధ్య ఏడాదికి 1600 గంటలు ఏసీ నడిచిందనుకుని కట్టిన సగటే. మన దగ్గర రామగుండం, మంచిర్యాల, జగిత్యాల వైపు మే నెలలో 45 తాకడం కొత్తేం కాదు. పైగా ఔట్‌డోర్ యూనిట్ స్లాబు మీద, పిట్టగోడ మూలన ఉంటే దాని చుట్టూ గాలి ఊరి ఉష్ణోగ్రత కంటే ఇంకా వేడిగా ఉంటుంది.

గదిలోంచి లాగిన వేడిని ఔట్‌డోర్ యూనిట్ ఆ మండే గాలిలోకే వదలాలి. అంటే లోపలి గ్యాస్ బయటి గాలికంటే వేడెక్కాలి. బయట 45 ఉంటే గ్యాస్ 55, 60 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతుంది. ప్రతి గ్యాస్‌కూ ఒక హద్దు ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత దాటితే ఎంత ఒత్తినా అది ద్రవంగా మారదు. ఆర్-410ఏకి ఆ హద్దు 71 డిగ్రీల దగ్గర. ఆర్-32కి 78. ఆర్-22కి 96, ఆర్-290కి దాదాపు 97. హద్దుకు దగ్గరయ్యేకొద్దీ ప్రతి కిలో గ్యాస్ మోసే వేడి తగ్గిపోతుంది, కంప్రెసర్ మాత్రం ఎక్కువ కరెంటు లాగుతుంది. మధ్యాహ్నం పూట ఆర్-410ఏ ఏసీ ముందుగా చేతులెత్తేయడానికి కారణం ఇదే. పాత మెకానిక్‌లు ‘ఎండల ఆర్-22 అంత మంచిగ ఏదీ కొట్టది’ అంటారు. హద్దు లెక్క చూస్తే ఆ మాటలో నిజం ఉంది.

మరి ఆర్-32ని ఎందుకు ముందు పెడుతున్నాను? కిలో గ్యాస్ ఆవిరయ్యేటప్పుడు గుంజుకునే వేడి దీనికి బాగా ఎక్కువ. సున్నా డిగ్రీల దగ్గర ఆర్-32 కిలోకు సుమారు 315 కిలోజౌళ్లు లాగుతుంది. ఆర్-410ఏ 221, ఆర్-22 దాదాపు 205. అందువల్ల తక్కువ గ్యాస్‌తోనే ఎక్కువ పని జరుగుతుంది. ఒకటిన్నర టన్ను ఆర్-32 స్ప్లిట్ ఏసీల్లో చాలావాటికి కిలో కూడా పట్టదు. ఈ లెక్కలో ఆర్-290ది ఇంకా పైచేయి, కిలోకు దాదాపు 375. ఎండ కోణంలోంచి మాత్రమే చూస్తే నా మొదటి ఓటు ఆర్-290కే. దాన్ని రెండో స్థానంలో పెట్టడానికి కారణాలు వేరు.

ఆర్-32కి ఒక బలహీనత ఉంది, దాన్ని దాచకూడదు. కంప్రెసర్‌లోంచి బయటికి వచ్చేటప్పుడు ఈ గ్యాస్ ఆర్-410ఏ కంటే ఎక్కువ వేడిగా ఉంటుంది. కంపెనీలు దానికి తగ్గట్టే కంప్రెసర్ తయారు చేస్తాయి. కానీ గ్యాస్ కొంత లీకై తగ్గితే, లేదా ఔట్‌డోర్ యూనిట్‌కు గాలి ఆడకపోతే ఆ వేడి ఇంకా పెరిగిపోతుంది. కూలింగ్ తగ్గిందని తెలిసీ ‘ఈ ఎండాకాలం ఎట్లనో గడిపేద్దాం’ అని రోజుకు పది గంటలు నడిపితే కంప్రెసర్ మీదికి వస్తుంది. ఆర్-32 ఏసీలో కూలింగ్ తగ్గినట్టు అనిపిస్తే ఆ వారమే చూపించండి.

ఔట్‌డోర్ యూనిట్‌ను ఉత్తరం గోడకో తూర్పు గోడకో పెట్టించండి. నీడ కోసం రేకు వేసినా ముందు వైపు అడుగు దూరంలో గోడ ఉండకూడదు, వదిలిన వేడిగాలి తిరిగి వెనక నుంచి లోపలికే పోతుంది. మన హన్మకొండ, వరంగల్‌లో ఇంకో సమస్య కోతులు. యూనిట్ మీద కూర్చుని పైపుల చుట్టూ ఉన్న నల్ల స్పాంజిని పీకేస్తాయి, వైర్లు గుంజుతాయి. పైపులు కదిలితే నట్ల దగ్గర లీకు మొదలవుతుంది. ఇనుప జాలీ పెట్టించడం మంచిదే, కానీ గాలికి అడ్డం కాకుండా పెద్ద కంతల జాలీ అయ్యుండాలి.

‘52 డిగ్రీల ఎండలోనూ పనిచేస్తుంది’ అన్న ప్రకటన చూసి మోసపోకండి. ఆగిపోకుండా నడవడం వేరు, పూర్తి చల్లదనం ఇవ్వడం వేరు. బయట 46 డిగ్రీలు ఉన్నప్పుడు చల్లదనం ఎన్ని వాట్లు ఉంటుందో అడగండి. ఆ ఉష్ణోగ్రత దగ్గర పరీక్షించే పద్ధతి కూడా ఉంది, కొన్ని కంపెనీలు ఆ అంకె ఇస్తాయి. పై అంతస్తు, పడమటి గోడ ఉన్న గది అయితే గ్యాస్ గురించి తర్జనభర్జన పడేకంటే టన్ను బదులు ఒకటిన్నర టన్ను తీసుకోవడం వల్ల వచ్చే లాభమే ఎక్కువ.

మంట అంటుకుంటుందా

ఆర్-32 ఏసీ బెడ్‌రూమ్‌లో పెట్టుకోవచ్చా అన్నదే అందరికీ ఉన్న టెన్షన్. అంతర్జాతీయ వర్గీకరణలో ఆర్-22, ఆర్-410ఏ మండనివి, వాటిది ఏ1 తరగతి. ఆర్-32ది ఏ2ఎల్, అంటే విషం తక్కువ, మంట కొద్దిగా, నెమ్మదిగా. ఆర్-290ది ఏ3, అంటే బాగా మండేది.

లెక్క వేసి చూద్దాం. 12 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు ఉన్న గదిలో సుమారు 41 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఆర్-32 అంటుకోవాలంటే గాలిలో కనీసం 14 శాతం ఉండాలి. అంటే ఘనపు మీటరుకు దాదాపు 300 గ్రాములు. ఏసీలోని 800 గ్రాములూ ఒక్కసారిగా గదిలోకి వచ్చి సమంగా కలిసినా మీటరుకు 20 గ్రాములు దాటదు. కావలసిన దాంట్లో పదిహేనో వంతు. పైగా అంటుకున్నా దాని మంట సెకనుకు 7 సెంటీమీటర్ల లోపే పాకుతుంది. అగరువత్తి నిప్పుకో, స్విచ్ మెరుపుకో భయపడి ఏసీ మానుకోవాల్సిన అవసరం లేదు.

ప్రొపేన్‌కు ఇదే లెక్క వేస్తే గాలిలో 2.1 శాతం చాలు, మీటరుకు 38 గ్రాములు. దీని మంట పాకే వేగం కూడా చాలా ఎక్కువ. ఏసీలో అది పట్టేది తక్కువే, 350 గ్రాములు అనుకుంటే అదే గదిలో మీటరుకు 8, 9 గ్రాములు వస్తుంది. అంటే హద్దులో నాలుగో వంతుకు దగ్గర. అంతా సమంగా కలిస్తే ఈ మాట. నిజానికి రెండు గ్యాసులూ గాలికంటే బరువైనవి, లీకైన మొదట్లో నేల మీదే పరుచుకుంటాయి. ఒకే గదిలో పడక, పొయ్యి, నేల మీద దీపం ఉన్న ఇంట్లో ఆర్-290 పెట్టుకోమని నేను చెప్పను. కంపెనీ పుస్తకంలో ఆ మోడల్‌కు కనీసం ఎంత గది ఉండాలో రాసి ఉంటుంది, అంతకంటే చిన్న గదిలో అసలు పెట్టకండి. విడిగా పెద్ద గది, గాలి ఆడే కిటికీలు ఉండి, కంపెనీ శిక్షణ ఇచ్చిన మెకానిక్ దగ్గర్లోనే దొరికితే ఆర్-290 నిశ్చింతగా తీసుకోవచ్చు. వరంగల్, కరీంనగర్‌లో అలాంటి వాళ్లు దొరకొచ్చు. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ వైపు ఉంటే మాత్రం డబ్బు కట్టకముందే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, ఇంటికి వచ్చేది ఎవరు, ఎన్ని రోజుల్లో వస్తారు అని అడగండి.

ఆర్-32తో అసలు ప్రమాదం మీరు పడుకునే గదిలో లేదు. రిపేరు చేసేవాడి చేతిలోని మంటలో ఉంది. పైపులో గ్యాస్ మిగిలి ఉండగానే వెల్డింగ్ టార్చ్ పెడితే ఆ గట్టి బంధాలు కూడా తెగిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. అది కళ్లనూ ఊపిరితిత్తులనూ కాల్చే విషవాయువు. ఇది ఆర్-22కీ ఆర్-410ఏకీ కూడా వర్తిస్తుంది. మెకానిక్ వెల్డింగ్ చేస్తున్నప్పుడు గొంతు పట్టేసే ఘాటు వాసన వస్తే పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్లండి, అతన్నీ పని ఆపమనండి.

పాత ఆర్-22 ఏసీ ఉన్నవాళ్లు

క్లోరిన్ ఉన్న ఇలాంటి గ్యాసులు ఓజోన్ పొరను తింటాయని మోలీనా, రోలాండ్ 1974లో చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, మన దేశం 1992లో అందులో చేరింది. ఆర్-22తో కొత్త ఏసీలు తయారు చేయడం 2024 చివరికి ఆపేయాలని మన దేశం ప్రణాళిక పెట్టుకుంది. 2030 నుంచి ఇక రిపేర్ల కోసం కొద్దిపాటి గ్యాస్ మాత్రమే మిగులుతుంది. కాబట్టి ఏటా ఆ గ్యాస్ దొరకడం తగ్గుతుంది, ధర పెరుగుతుంది.

ఇక్కడే కొందరు ‘అన్నా, దీంట్ల ఆర్-32 కొడ్త, కూలింగ్ ఇంకా ఎక్కువొస్తది’ అంటారు. ఒప్పుకోవద్దు. 40 డిగ్రీల దగ్గర ఆర్-22 పీడనం సుమారు 208 పీఎస్ఐ, ఆర్-32ది 345 దగ్గర. పాత కంప్రెసర్, పాత కాయిల్ అంత ఒత్తిడికి తయారైనవి కావు. నూనె కూడా కుదరదు. ఆర్-22 ఏసీల్లో మినరల్ ఆయిల్ ఉంటుంది, ఆర్-32కి పీఓఈ అనే వేరే నూనె కావాలి. ప్రొపేన్ కొడితే పీడనం ఆర్-22కి దగ్గరగా ఉండి కూలింగ్ కూడా వస్తుంది, అందుకే ఆ ఆశ ఇంకా ప్రమాదం. ఆ ఏసీలోని స్విచ్‌లు, రిలేలు మండే గ్యాస్ కోసం చేసినవి కావు. రెండేళ్ల తర్వాత వచ్చే ఇంకో మెకానిక్ ప్లేటు మీద ఆర్-22 అని చూసి ధీమాగా టార్చ్ వెలిగిస్తాడు.

ఏడాదికోసారి గ్యాస్ నింపించుకోవాలన్న నమ్మకం కూడా తప్పు. ఏసీలో గ్యాస్ ఖర్చు కాదు, ఆవిరై ద్రవమై అక్కడే తిరుగుతుంది. తగ్గిందంటే లీకు ఉన్నట్టే. నట్ దగ్గర లీకైతే చిన్న ఖర్చుతో పోతుంది, బాగుచేయించండి. ఇండోర్ కాయిల్‌లోనే కంత పడితే ఆ డబ్బు కొత్త ఆర్-32 ఏసీకి కలిపి వాడుకోవడం మేలు.

బిగించే రోజు

గ్యాస్ ఎంపికకు ఎంత ప్రాముఖ్యం ఉందో, బిగించే గంటన్నరకు అంతకంటే ఎక్కువ ఉంది. ఒక ఇంట్లో కొత్త ఆర్-32 ఏసీ మొదటి వేసవి దాటకుండానే కూలింగ్ పోయింది. ఔట్‌డోర్ యూనిట్ పక్క మూత తీస్తే చిన్న పైపు నట్ చుట్టూ నూనె మరక, దానికి దుమ్ము అంటి నల్లగా పేరుకుంది. గ్యాస్‌తో పాటే నూనె కూడా చెమ్మలా బయటికొస్తుంది కాబట్టి లీకు జాడ చూపించేది ఆ మరకే. సబ్బు నురగ రాస్తే ఆవగింజంత బుడగ లేచి, నెమ్మదిగా ఉబ్బి పగిలింది, అదే చోట ఇంకోటి లేచింది. నట్ విప్పి చూస్తే పైపు చివర విచ్చదీసిన అంచు ఒకవైపు మందంగా, ఇంకోవైపు పల్చగా, లోపల కోసినప్పటి గరుకు అలాగే ఉంది. రాగి పైపు కోశాక ఆ గరుకు గీకేయడానికి అర నిమిషం పట్టదు. ఆర్-22 పీడనానికి ఇలాంటి అంచు కొంతకాలం ఓర్చుకునేదేమో, ఆర్-32 పీడనానికి ఓర్చుకోదు.

రెండోది వాక్యూమ్. పైపులు కలిపాక లోపలి గాలినీ తేమనూ పంపుతో పూర్తిగా లాగేయాలి. ‘వాక్యూమ్ ఏం అక్కర్లే సార్, గ్యాస్‌తోనే గాలి ఎల్లగొడ్త’ అనేవాళ్లు ఉన్నారు. పీఓఈ నూనె తేమను గబగబా పీల్చుకుంటుంది, ఆ తేమతో ఆమ్లం తయారై కంప్రెసర్ తీగచుట్టను మెల్లగా తినేస్తుంది. గ్యాస్ ఊదితే గాలి కొంత పోతుంది గానీ తేమ పోదు. పంపు పెట్టి 500 మైక్రాన్ల (పైపులో మిగిలిన పీడనానికి వాడే చిన్న కొలత) వరకు లాగి, పంపు ఆపాక మీటరు కదలకుండా ఉందో లేదో మీ కళ్లతో చూడండి. పైపు లీకు పరీక్షకు నైట్రోజన్ మాత్రమే వాడాలి. ఆక్సిజన్ సిలిండర్ తెస్తే ఇంట్లోకి రానివ్వకండి, నూనెతో కలిస్తే పేలుతుంది. ఎప్పుడైనా గ్యాస్ నింపాల్సి వస్తే కాటా మీద తూచి, ప్లేటు మీద రాసినన్ని గ్రాములే నింపమనండి. ఈ విషయంలో ఆర్-32కి ఇంకో మంచి గుణం ఉంది. ఇది ఒకే పదార్థం కాబట్టి ద్రవంగా నింపినా ఆవిరిగా నింపినా తేడా రాదు. ఆర్-410ఏ మిశ్రమాన్ని ద్రవంగానే నింపాలి, లేకపోతే పాళ్లు మారతాయి.

భూమి వేడి, కరెంటు బిల్లు

నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే ఆర్-32 భూమిని 675 రెట్లు వేడెక్కిస్తుంది. ఆర్-22 1810 రెట్లు, ఆర్-410ఏ 2088 రెట్లు. ప్రొపేన్ మూడు రెట్ల దగ్గర. 800 గ్రాముల ఆర్-32 మొత్తం లీకైతే అది 540 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, కిలో ఆర్-410ఏ లీకైతే రెండు టన్నులకు పైనే. 2016లో కిగాలీలో ఈ ఫ్లోరిన్ గ్యాసులను తగ్గించే ఒప్పందం జరిగింది, మన దేశం 2021లో ఆమోదించింది. 2028లో వాడకం పెరగకుండా ఆపి, 2032 నుంచి మెట్టు మెట్టుగా తగ్గించి, 2047కి 85 శాతం కోత పెట్టాలి. అందుకే ఆర్-410ఏ వద్దన్నాను. రేపు ముందు వెళ్లిపోయేది అదే. ఆర్-32 కూడా శాశ్వతం కాదు, కానీ ఇప్పుడు కొనే ఏసీ జీవితకాలం వరకు గ్యాస్‌కూ మెకానిక్‌కూ ఇబ్బంది ఉండదని నా అంచనా.

అయితే గ్యాస్ ఒక్కసారి లీకైతే జరిగే హాని కంటే కరెంటు ఏడాదంతా చేసే హాని తక్కువేం కాదు. మన దేశంలో యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఏడాదికి 1000 యూనిట్లు వాడే ఏసీ అంటే 700 కిలోలు. రామగుండంలోనూ భూపాలపల్లి దగ్గర చెల్పూరులోనూ కాలే బొగ్గును చూస్తూ బతికేవాళ్లం, ఇది మనకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. కాబట్టి ఆర్-32లోనే మూడు స్టార్లదీ ఐదు స్టార్లదీ ఉంటే, రోజూ రాత్రంతా వాడేవాళ్లు ఐదు స్టార్లదే తీసుకోండి. వారానికి రెండుసార్లు చుట్టాలొచ్చినప్పుడు వేసే గదికి మూడు చాలు. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి హాల్లోకి మంచి కూలర్ ఉన్నా సరిపోతుంది. జూన్‌లో తేమ మొదలయ్యాకే అది పనికిరాకుండా పోతుంది.

ఫ్రిజ్ కొంటుంటే ఆలోచించేది ఏమీ లేదు, ఆర్-600ఏ ఉన్నదే తీసుకోండి. అది ఐసోబ్యూటేన్, పట్టేది కొద్ది గ్రాములే. కారు ఏసీలో చాలావాటికి ఆర్-134ఏ ఉంటుంది, అక్కడ ఎంచుకునే అవకాశం మనకు లేదు.

ఇల్లు మారేటప్పుడు

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఏసీ విప్పించే రోజు తప్పనిసరిగా దగ్గర ఉండండి. విప్పేముందు గ్యాస్ మొత్తాన్ని ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసేస్తారు. ముందు సన్న పైపు వాల్వు మూసి, ఏసీ నడుస్తుండగానే గ్యాస్ లోపలికి చేరాక లావు పైపు వాల్వు మూసి, వెంటనే కరెంటు ఆపేయాలి. పైపు విప్పేది ఆ తర్వాతే. కంప్రెసర్ తిరుగుతుండగా నట్ వదులు చేస్తే గాలి లోపలికి పోయి, నూనెతో కలిసి విపరీతంగా ఒత్తిడై కంప్రెసర్ బాంబులా పేలిపోతుంది. గ్యాస్ ఏదైనా ఈ ప్రమాదం ఉంది, మండే గుణం ఉన్న ఆర్-32, ఆర్-290లతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. లీకై ఖాళీ అయిన ఏసీని ఇలా లాగడానికి ప్రయత్నించనే కూడదు. మెయిన్ స్విచ్ దగ్గర ఒకరిని నిలబెట్టి, మెకానిక్ ‘బంద్ చెయ్’ అనగానే ఆపమనండి. పిల్లలు బాల్కనీలోకి రాకుండా చూసుకోండి.